పిల్లల పుస్తకాలు రాసేవాళ్ళ రోజు ఎట్లా గడుస్తుంది? బొమ్మలు వేసేవాళ్ళకు బొమ్మ ఎక్కణ్ణుంచి వస్తుంది?

నర్సంపేట టీచరమ్మ:

అందరికీ నమస్తే. మా ఇల్లు హన్మకొండలో. నర్సంపేట దాటాక పాకాల పోయే దారిలో ఒక ఊళ్ళో ప్రైమరీ స్కూల్ టీచర్‌ని. రోజూ బస్సులో పోయి వస్తాను. మధ్యాహ్నం భోజనం అయ్యాక పిల్లలకు ఒక కథ చెప్పడం అలవాటు. పళ్ళాలు కడుక్కుని, చేతులు అంగికి తుడుచుకుంటూ వచ్చి కూర్చుంటారు. నేను మర్చిపోయినా వాళ్ళు మర్చిపోరు.

మా బడి వెనకాలే ఒక చిన్న చెరువు ఉంది. క్లాసు కిటికీలోంచి కట్ట కనిపిస్తుంది. వానాకాలంలో ఒకరోజు మూడో తరగతి పిల్లవాడొకడు లెక్క చేయడం ఆపి, "మేడం, ఆ కొంగ పొద్దంత అట్లనే నిలవడి ఏం జేస్తది?" అని అడిగాడు. క్లాసంతా కిటికీ దగ్గరికి లేచి వచ్చింది. నిద్రపోతున్నదని ఒకరు, దేవుణ్ణి మొక్కుతున్నదని ఒకరు, వాళ్ళమ్మ కోసం ఎదురుచూస్తున్నదని ఇంకొకరు. ఆ రాత్రి వంట అయ్యాక కూర్చుని దాన్ని కథగా రాశాను. నాలుగు పేజీలు వచ్చింది. దీన్ని బొమ్మల పుస్తకంగా చేయాలని మనసులో గట్టిగా పడింది.

ఈ పని నిజంగా చేస్తున్నవాళ్ళను అడగాలని ఇక్కడ రాస్తున్నాను. ఉద్యోగం, ఇల్లు, పిల్లల మధ్య మీరు ఎప్పుడు రాస్తారు, ఎప్పుడు గీస్తారు? ఇంటర్వ్యూల్లో "ప్రకృతే నా ప్రేరణ" అని చదువుతుంటాను. ఆ మాట నాకు సరిపోవడం లేదు. ఒక మంగళవారం పొద్దున మీరు పనికి కూర్చున్నాక ఏం జరుగుతుందో చెప్పండి. ఇంకొకటి, నాకు బొమ్మలు రావు. బొమ్మలు రాని మనిషి బొమ్మల పుస్తకం గురించి ఆలోచించవచ్చా? వరంగల్‌లో కూర్చుని ఇదంతా అయ్యే పనేనా, లేక హైదరాబాద్‌లో ఉండాల్సిందేనా?

కొత్తవాడ బొమ్మలాయన:

చెల్లె, నమస్తే. మాది వరంగల్ కొత్తవాడ. ఇప్పుడు హన్మకొండలో ఉంటున్నాను. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయడమే నా బతుకుదెరువు. హైదరాబాద్‌కు, చెన్నైకి పని పంపుతాను, నేను మాత్రం ఇక్కణ్ణుంచి కదల్లేదు, కదలాలని లేదు కూడా. మంగళవారం పొద్దున గురించి అడిగారు కదా, అక్కణ్ణుంచే చెప్తాను.

పొద్దున్నే లేచి ముందు పెన్సిల్ పని. అప్పుడు ఫోన్ ముట్టను. నా బల్ల ఉత్తరం వైపు కిటికీ కింద ఉంటుంది, ఎండ నేరుగా కాగితం మీద పడదు. పాపను బడికి పంపి వచ్చాక రంగులు. ట్యూబ్‌లైట్ కింద పసుపు రంగు కలిపితే తెల్లారి చూసేసరికి వేరే పసుపు కనిపిస్తుంది, అందుకే రంగు పగటి వెలుతురులోనే. మన దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. ఏప్రిల్, మే నెలల్లో వరంగల్ ఎండకు నీళ్ళ రంగు కాగితం మీద పరుచుకోకముందే ఆరిపోతుంది. ఆకాశం మొత్తం ఒకే తీరుగా పూయాలంటే చారలు పడతాయి. కూలర్ పెట్టుకుంటే కాగితం ఎగురుతుంది. కాబట్టి ఎండాకాలం ఆకాశాలు, చెరువులు తెల్లవారుజామున వేస్తాను, మనుషుల ముఖాలు, చేతులు, చెట్ల ఆకులు మధ్యాహ్నానికి ఉంచుకుంటాను. వానాకాలంలో దీనికి తిరగేసి. పూసింది ఎంతకీ ఆరదు. మధ్యాహ్నం తిన్నాక స్కానింగ్, ఫైళ్ళు పంపడం, మార్పులు చేయడం, బిల్లు గుర్తు చేయడం. సాయంత్రం చేతిలో పట్టే చిన్న స్కెచ్‌బుక్ జేబులో పెట్టుకుని భద్రకాళి చెరువు కట్ట మీదికి పోతాను. రోజు అంతే. బయటివాళ్ళకు ఇందులో చూడ్డానికి ఏమీ ఉండదు.

ఇప్పుడు లోపల జరిగేది చెప్తాను. ఎవరైనా కథ పంపితే మొదటిసారి చేతిలో పెన్సిల్ లేకుండా చదువుతాను. రెండోసారి మా పాపకు పైకి చదివి వినిపిస్తాను. తను ఎక్కడ నన్ను ఆపి "తర్వాత?" అంటుందో అక్కడ గీత పెడతాను. ఆ గీత దగ్గరే పేజీ తిరగాలి. బొమ్మల పుస్తకంలో సగం కథ పేజీ తిప్పడంలోనే ఉంటుంది. కుడివైపు పేజీలో ఒక ప్రశ్న, తిప్పగానే జవాబు.

బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 32 పేజీలు ఎందుకుంటాయో మీకు తెలిస్తే కథ కొలత కూడా తెలిసిపోతుంది. ప్రెస్సులో పెద్ద షీటుకు రెండువైపులా అచ్చు వేసి మడతపెడితే 16 పేజీలు. అట్లాంటివి రెండు కలిపితే 32. అందులో టైటిల్ పేజీ, ప్రచురణ వివరాలు పోను మీకు దొరికేవి పదమూడు, పద్నాలుగు జంట పేజీలు. కథ మొత్తం ఆ జాగాలో ఇమడాలి. నేను మొదట ఒక కాగితం మీద అగ్గిపెట్టె సైజులో గడులు గీసి కథను వాటిలో పరుస్తాను. ఎక్కడ దగ్గరి నుంచి చూపాలి, ఎక్కడ ఊరంతా కనబడాలి, ఎక్కడ పేజీ దాదాపు ఖాళీగా వదలాలి అన్నది ఆ గడుల్లోనే తేలుతుంది. తర్వాత తెల్లకాగితాలు మడిచి పిన్ను కొట్టి డమ్మీ పుస్తకం చేస్తాను. పిచ్చిగీతలే ఉంటాయి, అయినా చేతిలో పట్టుకుని పేజీలు తిప్పి చూస్తే తప్ప లోపం కనబడదు. బొమ్మలు రాకపోయినా ఈ రెండు పనులూ మీరు చేయొచ్చు. చేసి తీరాలి అంటాను నేను. గడిలో కొంగ బొమ్మకు బదులు "కొంగ" అని రాసినా చాలు.

ప్రేరణ సంగతి. మా ఇంట్లో తివాచీల మగ్గం ఉండేది. కొత్తవాడ దుర్రీలు అంటే ఇప్పుడు భౌగోళిక గుర్తింపు అదీ వచ్చి పేరు తెలుస్తున్నది, నా చిన్నప్పుడు అది మాకు బువ్వ పెట్టే పని మాత్రమే. రంగు వేసిన నూలు చిలుపలు దండెం మీద ఆరేసి ఉండేవి. ఏ రంగు పక్కన ఏ రంగు పెడితే మొదటిది నిలబడుతుందో నాకు ఏ కాలేజీ చెప్పలేదు, ఆ దండెం చెప్పింది. ఇప్పటికీ ఒక పేజీకి నాలుగైదు రంగులకంటే ఎక్కువ వాడను.

చందమామ సంగతి చెప్పకపోతే నా మాట పూర్తి కాదు. వరంగల్ స్టేషన్ రోడ్డులో పాత కాగితాల దుకాణంలో కిలో లెక్కన అమ్మే పాత సంచికలు తెచ్చుకునేవాణ్ణి. 1947లో మొదలైన పత్రిక అది. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య, వీళ్ళ గీతలు చూసి నా తరం వాళ్ళం పెన్సిల్ పట్టాం. శంకర్ గారి విక్రమార్కుడు భుజాన శవంతో, చేతిలో కత్తితో నడిచే బొమ్మ చూడండి. రాజు కాలు ముందుకు పడి ఉంటుంది, మనం చూస్తుండగానే ఇంకో అడుగు పడుతుందేమో అనిపిస్తుంది. ఆయన తొంభై దాటిన వయసులో, 2020లో పోయారు. వాళ్ళు నెలనెలా జీతానికి, టైముకు పని ఇస్తూ అంత గొప్ప బొమ్మలు వేశారు. మూడ్ వచ్చినప్పుడే గీస్తాను అనేవాళ్ళకు నేను ఆ సంగతి చెప్తుంటాను.

ఇంకొక చోటు చేర్యాల. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోకి పోయింది, అంతకుముందు మన వరంగల్ జిల్లానే. కథల పటాలు గీసే నకాషీ వాళ్ళ ఇంట్లో కూర్చుని వాళ్ళు గుడ్డ తయారు చేయడం చూశాను. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూత మీద పూత పూస్తారు. ఆరాక ఆ గుడ్డ బిర్రుగా, నున్నగా అవుతుంది. దాని మీద కుంచెతో నేరుగా గీత. వెనకాల అంతా ఎరుపు. పటం మీద అడ్డంగా గడులు, గడికీ గడికీ మధ్య పూల అంచు. కథ చెప్పేవాళ్ళు ఆ పటాన్ని వేలాడదీసి, ఒక్కో గడి చూపిస్తూ పాడతారు. కాకిపడగల వాళ్ళు, మందెచ్చుల వాళ్ళు, ఇట్లా ఒక్కో కులానికి కథ చెప్పేవాళ్ళు వేరు, వాళ్ళకు పటం గీసి ఇచ్చేది మాత్రం నకాషీలు. చెప్పేవాడు ఒకరు, గీసేవాడు ఒకరు. మీకు బొమ్మలు రాకపోతే ఎట్లా అని అడిగారు కదా చెల్లె, మన దగ్గర తరతరాలుగా ఇట్లానే జరిగింది. గీసేవాడికి కథ ఎంత విడిచిపెట్టాలో చెప్పేవాడికి తెలిసి ఉండాలి, అంతే.

చివరగా ఒక్క పాలపిట్ట సంగతి. దసరా నాడు పాలపిట్టను చూడాలని మనవాళ్ళు ఊరి బయటికి పోతారు. పుస్తకాల్లో మాత్రం పాలపిట్టను నిలువెల్లా నీలంగా వేసేస్తారు. కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు చూడండి, రొమ్ము, మెడ గోధుమరంగులోనే ఉంటాయి, పెద్దగా ఎవరి కంటా పడదు. రెక్క విప్పిందా, ముదురు నీలం పక్కన లేత నీలం పట్టీ ఒక్కసారిగా బయటపడుతుంది. నాకు అందులో రెండు పేజీలు కనిపించాయి. మొదటి పేజీలో తీగ మీద మసక రంగు పిట్ట, తిప్పగానే పేజీ నిండా నీలం. ఆ పుస్తకం ఆ ఒక్క మలుపు కోసమే పుట్టింది. ప్రకృతి ప్రేరణ అంటే నాకు ఇదే, ఒక పిట్టను దాని పని అది చేసుకుంటుండగా ఓపికగా చూడడం.

ఒక హెచ్చరిక కూడా. ఎక్కడైనా కథ ఇచ్చేముందు కాగితం రాయించుకోండి. రచయిత పేరు, చిత్రకారుడి పేరు అట్ట మీద ఉంటాయా, హక్కులు ఎవరివి, డబ్బులు ఎప్పుడిస్తారు అని. ఒక ప్రచురణకర్త నా పేరు లేకుండానే పుస్తకం రెండో ముద్రణ వేశారు. పిల్లలు అట్ట మీద పేర్లు చదువుతారు. పుస్తకాన్ని మనుషులే చేస్తారని వాళ్ళకు తెలిసేది అక్కడే.

కరీంనగర్ స్టెనో:

నేను రాసేదాన్ని, గీయను. కరీంనగర్‌లో ఒక ఆఫీసులో స్టెనోగ్రాఫర్‌ని, ఆదివారం అనుబంధాల్లో, పిల్లల పత్రికల్లో కథలు రాస్తుంటాను. ఉద్యోగం చేస్తూ ఎప్పుడు రాస్తారు అన్న ప్రశ్నకు నా జవాబు: తెల్లవారుజామున. ఇంట్లోవాళ్ళు లేచి, కుక్కర్ విజిల్ మొదలయ్యేలోపు. సాయంత్రం రాయాలని కూర్చుంటే ఆఫీసు మాటలే చేతికి వస్తాయి. "పై విషయమై తమరికి తెలియజేయునది ఏమనగా" అని కుందేలు మాట్లాడడం మొదలుపెడుతుంది.

నాకు ధైర్యం ఇచ్చిన మనిషి స్వీడన్‌లో ఉండేది, పిల్లల కథల రచయిత్రి. ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్. ఆమె కూడా సెక్రటరీ పని చేసినావిడే, షార్ట్‌హ్యాండ్ వచ్చు. 1941లో ఆమె కూతురు జబ్బుపడి మంచం మీద ఉండి, అప్పటికప్పుడు పిప్పి లాంగ్‌స్టాకింగ్ అని ఒక తమాషా పేరు పుట్టించి, ఆ పేరు పిల్ల కథ చెప్పమని అడిగిందట. అమ్మ రాత్రికి రాత్రి కథ కట్టి చెప్పింది. ఆ కథలు మూడేళ్ళు ఇంట్లోనే తిరిగాయి. 1944లో ఆమె మంచు మీద జారి కాలు బెణికి మంచాన పడ్డప్పుడు వాటిని షార్ట్‌హ్యాండ్‌లో కాగితం మీద పెట్టి, కూతురి పదో పుట్టినరోజుకు కానుకగా ఇచ్చింది. ఒక పెద్ద ప్రచురణ సంస్థ వద్దన్నది. 1945లో ఇంకొకరు వేశారు. పేరు వచ్చాక కూడా ఆమె ఏళ్ళ తరబడి ప్రచురణ సంస్థలో ఎడిటర్ ఉద్యోగం వదల్లేదు. పొద్దున మంచం మీద కూర్చుని తన కథలు షార్ట్‌హ్యాండ్‌లో, మధ్యాహ్నం ఆఫీసు. ఆమె షార్ట్‌హ్యాండ్ నోటుపుస్తకాలు వందల కొద్దీ ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. ఇది చదివాక నా నోటుబుక్కు అంటే నాకు వేరే గౌరవం వచ్చింది.

బ్రిటన్‌లో పిల్లల రచయిత రోల్డ్ డాల్ తోట చివర చిన్న గదిలో, పాత కుర్చీలో కూర్చుని, ఒళ్ళో చెక్క పెట్టుకుని పసుపు కాగితాల మీద పెన్సిల్‌తో రాసేవాడు. ఆ గది ఫొటో చూసినప్పుడల్లా ముచ్చటేస్తుంది. మనకు తోటా లేదు, గదీ లేదు. తెల్లవారుజాము మాత్రం అందరికీ ఉంది టీచరమ్మా.

నేను రోజూ తప్పకుండా చేసే పని ఒకటి చెప్తాను. బస్సులో, అంగట్లో, పెళ్ళిళ్ళలో పిల్లలు మాట్లాడింది మాట్లాడినట్టు షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుంటాను. సరిదిద్దను. మానేరు డ్యామ్ కట్ట మీద ఒక చిన్నపిల్ల వాళ్ళ నాన్నను "నీళ్ళకు కూడ తలుపులు ఉంటయా?" అని అడిగింది. గేట్లు చూసి. ఆ ఒక్క మాట నుంచి నాకు ఒక కథ మొత్తం వచ్చింది. మీ పిల్లవాడి కొంగ ప్రశ్న కూడా అట్లాంటిదే. మీ కథలో ఆ పిల్లవాడి మాట ఉన్నదున్నట్టు ఉంచారా, లేక పుస్తకం భాషలోకి మార్చేశారా?

జగిత్యాల సారు (రిటైర్డ్):

బిడ్డా, నీ ప్రశ్న చూసి సంతోషమైంది. నేను ప్రభుత్వ బడిలో తెలుగు సారుగా చేసి రిటైరయ్యాను. మా బడిలో గోడపత్రిక నడిపేవాళ్ళం. డ్రాయింగ్ షీటు మీద పిల్లలే రాసి, పిల్లలే బొమ్మలేసి, శనివారం అతికించేవాళ్ళు. పసుపు ఉడకబెట్టే రోజుల్లో బడికి వచ్చిన పిల్లల చేతులు పచ్చగా ఉండేవి, కాగితం మీద ఆ వేలిముద్రలు పడేవి. ఆ షీట్లు కొన్ని నా దగ్గర ఇంకా ఉన్నాయి.

ఇక్కడ ఉండి అవుతుందా అని అడిగావు. కేంద్ర సాహిత్య అకాడెమీ బాల సాహిత్య పురస్కారం తెలుగులో 2017లో వాసాల నర్సయ్య గారికి, 2022లో పత్తిపాక మోహన్ గారికి వచ్చింది. ఇద్దరూ మన పాత కరీంనగర్ జిల్లా మనుషులే. ఆ సంగతి మా పిల్లలకు చెప్పినప్పుడు, "అంటే కథలు రాసెటోళ్ళు మన దిక్కు గూడ ఉంటరా సార్?" అని అడిగారు. ఆ ప్రశ్న నన్ను చాలా బాధపెట్టింది. ఆ తర్వాత ఏ పాఠం చెప్పినా రాసినాయన ఊరు, పని, పొద్దున లేచి ఏం చేస్తాడన్నది కూడా చెప్పడం మొదలుపెట్టాను.

ఒక్క సలహా ఇస్తాను. పిల్లలందరి కోసం రాయకు, ఆ ప్రశ్న అడిగిన పిల్లవాడి కోసం రాయి. ఇంగ్లండులో బియాట్రిక్స్ పాటర్ అని ఒకావిడ ఉండేది. 1893 సెప్టెంబరులో జబ్బుతో ఉన్న ఒక చిన్నపిల్లవాడికి ఉత్తరం రాస్తూ, ఏం రాయాలో తోచక కుందేళ్ళ కథ బొమ్మలతో సహా రాసి పంపింది. ఏళ్ళ తర్వాత దాన్నే పుస్తకం చేయబోతే ప్రచురణకర్తలు ఒప్పుకోలేదు. 1901లో తన డబ్బులతో 250 కాపీలు అచ్చు వేయించుకున్నది. ఆ మరుసటి ఏడు ఒక సంస్థ రంగుల్లో వేసింది, ఇప్పటికీ చదువుతున్నారు. ఒక్క పిల్లవాడికి రాసిన ఉత్తరం కాబట్టే అందులో అనవసరమైన మాట ఒక్కటి లేదు.

ఇంకొక మాట. చివర నీతి పెట్టకు. మా ఊరికి ఒగ్గు కథ వాళ్ళు వచ్చినప్పుడు గమనించాను, ప్రధాన కథకుడు ఆగిన ప్రతిచోటా పక్కనున్న వంతదారు ఒక ప్రశ్న వేస్తాడు, ఆశ్చర్యపోతాడు, ఎదురు మాట్లాడుతాడు. జనం రాత్రంతా లేవరు. కథకుడు నీతి చెప్పడం మొదలుపెడితే మాత్రం ముందు వరుసలో పిల్లలు నిద్రలోకి పోతారు. నీ క్లాసులో వంతదార్లు చాలామంది ఉన్నారు. వాళ్ళ ముందు చదువు.

నర్సంపేట టీచరమ్మ:

అన్నా, అక్కా, సార్, ఏమని చెప్పను. బస్సులో పోతూ మళ్ళీ మళ్ళీ చదివాను. అక్క అడిగినట్టే, పిల్లవాడి మాటను నేను మార్చేసి రాశాను, ఇప్పుడు మళ్ళీ ఉన్నదున్నట్టు పెట్టాను. మొదటి పేరా ఇక్కడ పెడుతున్నాను, మొహమాటం లేకుండా చెప్పండి.

"ఒక ఊరిలో ఒక పెద్ద చెరువు ఉండేది. చెరువులో నీళ్ళు నీలంగా మెరుస్తూ ఉండేవి. కట్ట పక్కన పచ్చని తుమ్మచెట్లు ఉండేవి. ఆ నీళ్ళలో తెల్లని కొంగ ఒకటి రోజంతా కదలకుండా నిలబడి ఉండేది. దాన్ని చూసి రాజు అనే పిల్లవాడు, 'మేడం, ఆ కొంగ పొద్దంత అట్లనే నిలవడి ఏం జేస్తది?' అని అడిగాడు. మేడం నవ్వింది. మిగతా పిల్లలంతా తలా ఒక జవాబు చెప్పారు."

చివరికి కొంగ తన పిల్లల కోసం చేపలు పడుతున్నదని తెలుస్తుంది. ముగింపు నాకే తృప్తిగా లేదు.

కొత్తవాడ బొమ్మలాయన:

చెల్లె, బాగుంది. ఇప్పుడు నీలం నీళ్ళు, పచ్చని చెట్లు, తెల్లని కొంగ, పెద్ద చెరువు, ఇవన్నీ కొట్టేయండి. అవన్నీ నేనో, నాలాంటి ఇంకొకరో బొమ్మలో చూపిస్తారు. మేడం నవ్వింది అన్నది కూడా బొమ్మకు వదిలేయండి. ఏం మిగులుతుందో చూడండి:

"మేడం, ఆ కొంగ పొద్దంత అట్లనే నిలవడి ఏం జేస్తది?"

అంతే. మొదటి జంట పేజీకి ఈ ఒక్క వాక్యం చాలు. కిటికీ, కిటికీలో ఒక పిల్లవాడి వెనక తల, దూరంగా చెరువు, చెరువులో కొంగ. కొంగను తెల్లరంగుతో వేయరు, కాగితాన్ని అట్లాగే వదిలి చుట్టూ నీళ్ళకు రంగు వేస్తారు. తర్వాత ఒక్కో జంట పేజీకి ఒక్కో పిల్లవాడి ఊహ. నిద్రపోతున్నది అన్నవాడి పేజీలో కొంగకు దుప్పటి. మొక్కుతున్నది అన్న పిల్ల పేజీలో కొంగ ముందు దీపం, బతుకమ్మ కూడా పెట్టుకోవచ్చు. ఈ ఊహలే మీ కథకు నడుము.

ముగింపు గురించి. మీ కిటికీలో కనిపించే కొంగ ఏదో ముందు తెలుసుకోండి. బర్రెల వెంట తిరిగేదైతే ముక్కు పచ్చగా ఉంటుంది, అది ఎక్కువగా గడ్డిలో పురుగుల మీద పడుతుంది. నీళ్ళలో నిలబడే చిన్న తెల్లకొంగకు ముక్కు నలుపు, కాళ్ళు నలుపు, పాదాలు మాత్రం పసుపు. భద్రకాళి చెరువు అంచున దాన్ని నేను చాలాసార్లు దగ్గర నుంచి చూశాను. పైన మెడ, ఒళ్ళు, రెక్కలు ఏవీ కదలవు. కింద నీళ్ళలో ఆ పసుపు పాదం ఒకటి సన్నగా వణుకుతుంటుంది. బురద కదులుతుంది. బురదలో దాక్కున్న చేపపిల్ల బెదిరి బయటికి వస్తుంది. వచ్చిందా, పైనుంచి ముక్కు దిగుతుంది. మళ్ళీ ఏమీ జరగనట్టు నిలబడుతుంది.

మీ పిల్లవాడికి జవాబు అదే. పొద్దంతా ఏం చేస్తుంది? కాలు ఆడిస్తుంది. నీళ్ళ కింద. మీ కిటికీకి కనిపించదు. కాబట్టి పదమూడో జంట పేజీ తిప్పగానే మనం నీళ్ళ లోపల ఉండాలి. పైన వెలుతురు, కిందికి రెండు నల్లని కాళ్ళు, పసుపు వేళ్ళు, లేచిన బురద, కళ్ళు పెద్దవి చేసిన చేపపిల్ల. మాట ఒక్కటి కూడా వద్దు. పిల్లలే చెప్పాలి.

మీరు ముందు పోయి చూడండి. మీ చెరువులోది వేరే కొంగ అయితే నేను చెప్పింది వదిలేసి అది ఏం చేస్తే అది రాయండి.

కరీంనగర్ స్టెనో:

ఈ కొంగ పాదం సంగతి నాకు ఇప్పటిదాకా తెలియదు. ఎన్ని కథల్లో కొంగను మోసగాణ్ణి చేశామో. అది ఇంత పని చేసుకుంటున్నది కింద. ఇంకొకటి, బొమ్మలు వేసేవాళ్ళు దొరికేదాకా టీచరమ్మ ఆగాల్సిన పని లేదు. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ అనే వెబ్‌సైటు 2015 నుంచి ఉంది, అక్కడ కథలూ బొమ్మలూ రచయిత, చిత్రకారుల పేర్లు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు. తెలుగులో కూడా చాలా ఉన్నాయి. అక్కడి పుస్తకాలు ఒక్కో పేజీకి ఎన్ని మాటలు పెట్టాయో లెక్కపెడుతూ చదవండి, నేను అట్లానే నేర్చుకున్నాను.

నర్సంపేట టీచరమ్మ:

పిల్లల్ని తీసుకుని కట్ట మీదికి పోయి వచ్చాం. పసుపు పాదాలే అన్నా! అది ఒడ్డు మీదికి వచ్చినప్పుడు స్పష్టంగా కనిపించాయి. "సాక్సులు ఏస్కున్నది" అని అరిచారు, అది కాస్తా లేచిపోయింది. మళ్ళీ వచ్చేదాకా ఎవ్వరూ మాట్లాడకూడదని వాళ్ళే నియమం పెట్టుకున్నారు. మా క్లాసు అంతసేపు నిశ్శబ్దంగా కూర్చోవడం నేను చూడలేదు. నీళ్ళు మురికిగా ఉండి కింద పాదం కనిపించలేదు గానీ, కొంగ కాలి చుట్టూ సన్నగా అలలు తిరగడం అందరం చూశాం.

ఇప్పుడు క్లాసులో పెద్ద గొడవ నడుస్తున్నది. సగం మంది కొంగ చేపను తినాలి అంటున్నారు. సగం మంది చేపపిల్ల తప్పించుకోవాలి, లేకపోతే వాళ్ళమ్మ ఏడుస్తది అంటున్నారు. ప్రశ్న అడిగిన పిల్లవాడు మాత్రం రెండూ వద్దు, కొంగ మళ్ళీ నిలబడాలి, అంతే అంటున్నాడు. ఏం చేయను?

జగిత్యాల సారు (రిటైర్డ్):

తిననియ్యి బిడ్డా. కొంగకు ఆకలైతది. చెరువు పక్కన పెరిగే పిల్లలకు ఈ సంగతి తెలియనిది కాదు.

కొత్తవాడ బొమ్మలాయన:

నేను ఆ పిల్లవాడి పక్షం. నీళ్ళ కింది పేజీ తర్వాత చివరి పేజీలో మళ్ళీ మొదటి బొమ్మే, కిటికీ, పిల్లవాడి తల, కదలని కొంగ. దాని గొంతులో కొద్దిగా ఉబ్బు గీస్తాను. చూసినవాళ్ళు చూస్తారు, తప్పించుకున్నది అనుకునేవాళ్ళు అట్లాగే అనుకుంటారు. మీ రెండు పార్టీలకూ చోటు దొరుకుతుంది.

డమ్మీ చేసి ఫొటోలు ఇక్కడ పెట్టండి చెల్లె. గడుల్లో పేజీ నంబర్లు వేయండి, ఎడమ పేజీ ఏదో కుడి పేజీ ఏదో తెలియాలి. పిల్లలు ఆ రోజు కట్ట మీద గీసుకున్న బొమ్మలు ఏమైనా ఉంటే అవి కూడా పంపండి. ముఖ్యంగా ఆ సాక్సుల బొమ్మ.